ఆ అమ్మాయి మాటలున్న నోటు పుస్తకం

నేను, డిగ్రీ కాలేజీలో ముప్పై ఒక్క సంవత్సరాలు సోషియాలజీ చెప్పి రిటైరైన అధ్యాపకురాలిని, వయసు అరవై ఎనిమిది, ఈ వీలునామాను నా చేత్తో నేనే రాస్తున్నాను. డాక్టరు నా ఊపిరితిత్తుల మీద ఆశ వదులుకున్నాడు గాని, బుద్ధి నిలకడగానే ఉందని కాగితం రాసిచ్చాడు. నన్నెవరూ బలవంతపెట్టలేదు. దీన్ని అమలు జరపవలసింది నా చెల్లెలు.

1. నేనుంటున్న రెండు గదుల ఫ్లాటు సర్వహక్కులతో చెల్లెలికే చెందుతుంది.

2. మరిదికి నా చదువుకునే కుర్చీ. జాతి, రంగు, అసమానత అంటూ నేను చెప్పేదంతా ఊకదంపుడని నలుగురి ముందూ వెక్కిరించేవాడు. ఆయన నడుంనొప్పికి ఆ కుర్చీ బాగుంటుంది. ఆయన మీద నా కోపం మాత్రం పోలేదు.

3. స్టాఫ్ రూము ఊడ్చే ఆవిడకి నా శాలువాల్లో కొత్తది. చెల్లీ, పాతది ఇచ్చి సరిపెట్టవద్దు.

4. బీరువా పై అరలోని నీలం అట్ట నోటు పుస్తకం నాది కాదు. ఒక ఏడాది నా క్లాసులో నలభై రెండు మంది. ఆఫ్రికా మూలాలున్న నల్లజాతి పిల్ల ఒక్కతే. వివక్ష పాఠం వచ్చినప్పుడల్లా ఆమె వైపు తిరిగి, నువ్వు చెప్పమ్మా అనేదాన్ని. అద్దె ఇల్లు దొరకని సంగతి, దుకాణంలో తన సంచీ ఒక్కటే వెతికిన సంగతి, తండ్రిని బస్సులోంచి దింపేసిన సంగతి నిలబడి చెప్పేది. క్లాసు కళ్లు తుడుచుకునేది. పాఠం బ్రహ్మాండంగా కుదిరిందని నేను మురిసిపోయి, ఇంటికొచ్చి అన్నీ ఈ పుస్తకంలో రాసుకునేదాన్ని.

ఒకరోజు ఆమె నా గదికి వచ్చి, “మేడమ్, నాకూ అందరిలా కూర్చుని నోట్సు రాసుకోవాలనుంది” అంది. సిగ్గుపడుతోందనుకుని ధైర్యం చెప్పి పంపాను. మర్నాడు మళ్లీ లేపాను. ఆ తర్వాత ఆమె కాలేజీకి రాలేదు. ఆమె మాటలతోనే ఇంకో పంతొమ్మిదేళ్లు పాఠం చెప్పి, మంచి టీచరు అనిపించుకున్నాను. ఆ పిల్ల చదువు ఆగిపోవడానికి కారణం నేనే. తలుచుకుంటే ఇప్పటికీ ఏడుపొస్తుంది.

ఆ పుస్తకం ఆమెకి చేరాలి. చింపుకున్నా, కాల్చుకున్నా ఆమె ఇష్టం. రేవు దగ్గర మందుల దుకాణంలో పనిచేస్తోందని లైబ్రేరియన్ చెప్పింది. రెండుసార్లు అద్దాల తలుపు దాకా వెళ్లి, ధైర్యం చాలక తిరిగొచ్చాను.

5. చెల్లీ, నువ్వే స్వయంగా వెళ్లి ఇవ్వు. తప్పు తనదేనని మా అక్క రాసిందని చెప్పు. క్షమిస్తావా అని అడగవద్దు. ఎలా ఉన్నావని, చదువేమైందని కూడా అడగవద్దు. ఆమె తనంతట తాను ఏమైనా చెబితే విను. చెప్పకపోతే, వెనక మందుల కోసం నిలబడ్డవాళ్లకి దారి వదిలి వచ్చెయ్యి.

తేదీ: మార్చి 14, ఉదయం

(సంతకం) అక్క

సాక్షులు:
కాలేజీ లైబ్రేరియన్
కింది వాటాలో ఉండే టైలరు