గన్నవరంలో ఆగిపోయిన కారం డబ్బా

సువార్తా,

మన అమ్మాయి దగ్గరికి షార్జా వచ్చాను. నువ్వు పోయి ఏడాదవుతోంది కదా, ప్రార్థన ఇక్కడే పెట్టించుకుందామని పిలిచింది.

నువ్వు దంచిన ఆఖరి కారం దానికోసం దాచి ఉంచాను. పెద్ద పెట్టెనైతే ఎత్తి పడేస్తారని డబ్బాను చేతిసంచిలో పెట్టుకున్నాను. గన్నవరం ఎయిర్‌పోర్టు తనిఖీలో అదే ఆపేశారు.

"కారప్పొడి విమానంలోకి చేత్తో తీసుకెళ్ళనివ్వరండి" అంది అక్కడి అమ్మాయి. మాట వింటే వినుకొండ వైపు పిల్లలా ఉంది.

"మా ఆవిడ చివరిసారి దంచిందమ్మా, నువ్వే చూడు" అని మూత తీశాను. తియ్యకుండా ఉండాల్సింది. నా వెనక వరుసంతా దగ్గింది, నువ్వు దంచుతుంటే మన వీధంతా దగ్గినట్టే.

"రూలండి, నేనేం చెయ్యలేను" అంది ఆ పిల్ల, తనూ దగ్గుతూనే.

మూత బిగించి, డబ్బాను అక్కడి బుట్టలో నేనే పెట్టాను. పారేసినట్టు కాకుండా నిలబెట్టి పెట్టాను. వేళ్ళకంటిన కారం మాత్రం విమానంలో కడుక్కోలేదు.

షార్జాలో దిగగానే మన అమ్మాయి వచ్చి నా చెయ్యి పట్టుకుంది. దాన్ని తన ముఖానికి ఆనించుకుంది. తర్వాత చిన్నగా తుమ్మి, "అమ్మ కారం తెచ్చావా నాన్నా?" అంది.

తెచ్చానన్నాను.