ఊట దారిలో టైరు జాడ

లియోనా అక్కకు చెల్లెలు ఐడెల్లా ప్రేమతో రాసేది. నేను, కుక్క, ముప్పై ఆవులు అందరం బాగున్నాం. బావ దగ్గు తగ్గిందా? నీ మోకాలికి కొత్త డాక్టరు ఏమన్నాడు?

వాన పడిందా అని అడిగావు. పడిందే అక్కా, రెండు రోజులు! సేజ్ పొదల వాసన వంటింట్లోకి కూడా వచ్చేసింది.

మన కొండ వెనక ఎడారిని రక్షిత ప్రాంతంగానే ఉంచాలా, బళ్ళకు తెరవాలా అని తేల్చడానికి రెండు నెలల కిందట ప్రభుత్వం తరఫున టెస్ అనే పిల్ల వచ్చింది. ఊటదాకా పోయే టైరు జాడ చూసి ఆగింది.

"ఇది ఎప్పటిది పెద్దమ్మా? రక్షణ రాకముందుదైతే రోడ్డు కిందే లెక్క. తెరవక తప్పదు."

నాన్న కాలంనాటిదని చెప్పబోయాను. ఇరవై ఏళ్ళుగా అందరికీ అదేగా చెబుతున్నాను! ఊట దగ్గర జింకలు పిల్లలతో నిలబడి ఉన్నాయి. వాటిని చూస్తూ ఆ అబద్ధం చెప్పబుద్ధి కాలేదు.

"నాన్నది కాదు తల్లీ. నా పికప్పు బండిది. రక్షణ వచ్చాకే తోలాను."

"మీ మేత పర్మిట్ పోవచ్చు, తెలుసా?"

"తెలుసు. రాసుకో."

వారం రోజులు వాళ్ళ ఉత్తరం కోసం పోస్టు డబ్బా చుట్టూ తిరిగాను. చివరికి హెచ్చరించి వదిలేశారు, బాట మూసేస్తున్నారు. జాడ మాత్రం నా చేతులతోనే చెరపాలట. రోజూ మట్టి గుల్లచేసి ఎండుకొమ్మలు పాతుతున్నాను. పక్క పశువుల రాంచ్‌లో ఉండే డార్లీన్ "ఈ వయసులో నీకిదేం ఖర్మే" అని సణుగుతూనే కొమ్మలు మోస్తోంది. అప్పుడే అరమైలు మేర గడ్డి మొలిచింది.

ఇక్కడిదాకా రాసి రెండుసార్లు కాఫీ పెట్టుకున్నాను. అక్కా, కరువు ఏడాది ఊట తొట్టి కట్టడానికి బళ్ళు పోకూడదు కాబట్టి చెరో వారం కంచర గాడిదల మీద సిమెంటు మోయాలనుకున్నాం కదా. నా వారంలో నేను గాడిదకు జీను కూడా వెయ్యలేదు, బస్తాలన్నీ పికప్పులోనే తోలేశాను. జాడ చూసి నువ్వడిగితే, నాన్న పాత బాట, గాలికి బయటపడిందన్నాను. నువ్వు నమ్మి, గాడిదకు బస్తా కట్టుకుని వెళ్ళావు. ఆ వారమే పడ్డావు. మోకాలు విరిగి మంచంలో ఉండి కూడా "పాపం, ఐడెల్లా ఒక్కతే మోస్తోంది" అని ఏడ్చావట. సిగ్గుతో చచ్చిపోయానే అక్కా.

క్షమించమని అడగను. వచ్చి నోరారా తిట్టు. బాట మొదట్లో కుర్చీ వేస్తాను. జాడ ఇంకా ఎక్కడ కనబడుతోందో కూర్చుని చూపించు, నేను చెరుపుతాను.

ఇట్లు,
నీ తిట్లకోసం ఎదురుచూస్తున్న చెల్లెలు
ఐడెల్లా