కుర్చీలో చెప్పిన మాట

బెల్ గ్రోవ్, టెనెసీ
23 సెప్టెంబరు 1986

చిరంజీవి మార్వెల్లాకు,

నాన్న ఆశీస్సులు. నేనూ అమ్మా క్షేమం. ఈ వరసలో ఎప్పుడూ రాసే మూడో పేరు ఈసారి రాయలేకపోతున్నాను. కాస్త ఓపిక పట్టు తల్లీ, ఒక్కొక్కటే చెప్తాను.

నీ ఉత్తరమూ ఫొటోల కట్టా గురువారం అందాయి. శనివారం మన క్షవరం షాపులో అందరూ చేతులు తుడుచుకుని మరీ చూశారు. కెంటకీలో గొర్రెను కాలుస్తున్న ఆ కొట్టం ఫొటో దగ్గర, తన కొట్టంలో పందిని తప్ప ఇంకోటి కాల్చని మన ఎజెల్ బాబాయి ఆగిపోయాడు.

"గొర్రెనా! ఏం, ఆ ఊళ్లో పందులన్నీ పారిపోయాయా?" అన్నాడు. షాపంతా గొల్లుమంది. తను కూడా నవ్వి, నవ్వలేక దగ్గాడు.

అక్టోబరులో వచ్చి నీ పుస్తకం కోసం మన షాపు ఫొటోలు తీస్తానన్నావు. నీ ఇష్టం. నన్ను టై కట్టుకోవద్దన్నావు గానీ మీ అమ్మ ఒప్పుకోవడం లేదు. "పుస్తకంలో పడేవాడు బోసిమెడతో పడతాడా?" అంటోంది. ఆ సంగతి మీరూ మీరూ తేల్చుకోండి.

ఇక నువ్వు రెండు ఉత్తరాల్లోనూ అడిగిన ప్రశ్న. ఆగస్టులో తీసిన ఫొటోల్లో బాబాయి చొక్కా మెడ దగ్గర అంత వదులుగా ఎందుకుంది, ఒంట్లో బాగాలేదా అని. పోయినసారి, "ఎండలకు చిక్కాడు, అంతే" అని రాశాను.

ఎజెల్ బాబాయి మొన్న శనివారం పోయాడమ్మా. నా కుర్చీలోనే.

ఫొటోలు చూసి గడ్డానికి కూర్చున్నాడు. వేడి తువ్వాలు కప్పాను. "ఇంకాసేపు ఉంచరా అలోంజో, హాయిగా ఉంది" అన్నాడు. అదే ఆఖరి మాట. నురగ రాసి కుడిచెంప గీస్తూ, నిద్రపోయాడనుకుని వర్షాల గురించి ఏదో చెబుతూనే ఉన్నాను. రెండో చెంప కోసం తల ఇటు తిప్పినప్పుడు తెలిసింది. ముప్ఫై ఎనిమిదేళ్లుగా తిప్పుతున్న తల, ఆ బరువు నా చేతికి తెలియదా. కత్తి కింద పెట్టలేదు. ఎడమచెంప కూడా పూర్తి చేసి, మెడ తుడిచి, అప్పుడు అందరినీ టోపీలు తియ్యమన్నాను.

లూయీవిల్‌లో నువ్వు దిగిన చోటికి ఫోన్ చేస్తే ఖాళీ చేసి వెళ్లావన్నారు. ఎక్కడున్నావో తెలియలేదు. నిన్న మట్టి చేశాం. శుక్రవారం ఓవెన్స్‌బరో పోస్టాఫీసులో ఉత్తరాలు తీసుకుంటానన్నావు కదా, అందుకే అక్కడికి రాస్తున్నాను.

ఇంతవరకు రాసి ఆపేద్దామనుకున్నాను. మీ అమ్మ ఊరుకోలేదు. "మిగతాది కూడా రాయి. లేకపోతే నేను రాస్తాను" అంది.

బాబాయికి ఊపిరితిత్తుల్లో జబ్బని మే నెలలోనే నాకు తెలుసు. ఆ కుర్చీలోనే చెప్పాడు. మెంఫిస్ వెళ్లి పెద్దాస్పత్రిలో చేరమన్నారట, పొగ దగ్గరికే పోవద్దన్నారట. "ఎవరికీ చెప్పకు. ముఖ్యంగా ఆ పిల్లకి. తెలిస్తే కెమెరా పారేసి నన్ను ఈడ్చుకుపోతుంది. నా కొట్టాన్ని ఇన్నాళ్లూ ఒక్కరైనా ఫొటో తీశార్రా? తియ్యనీ" అన్నాడు. సరేనన్నాను.

ఆగస్టులో నువ్వు వచ్చిన మూడు రోజులూ, దగ్గు వచ్చినప్పుడల్లా హికరీ కట్టెల మోపు వెనక్కి వెళ్లి దగ్గి వచ్చేవాడు. వెలుగు బాగుంది, ఇంకొక్క పార నిప్పులు ఎత్తు బాబాయ్ అని నువ్వడిగితే ఎత్తేవాడు. నేను బల్ల మీద కూర్చుని చూస్తూ ఉన్నాను. అతను సంతోషంగానే ఎత్తాడు, అది నిజం. తప్పు నీ మీద వేసుకోకు.

ఇదీ కాదు అసలు చెప్పాల్సింది. పదమూడో తారీకు శనివారం అందరూ వెళ్లాక అతను కుర్చీ దిగకుండా కూర్చుని, "అలోంజో, ఇంక ఆ పిల్లకి చెప్పెయ్. ఒకసారి రమ్మను. చూడాలనుంది" అన్నాడు.

"అక్టోబరులో ఎలాగూ వస్తోందిగా. దాని పని మధ్యలో ఎందుకు పాడుచెయ్యడం?" అన్నాను.

"అవునులే" అన్నాడు. మళ్లీ అడగలేదు. అడిగే మనిషి కాదు కదా.

ఆ రోజు నేను ఫోన్ చేసి ఉంటే అందేదానివి, అప్పటికి నువ్వు ఇంకా లూయీవిల్‌లోనే ఉన్నావు. పొద్దున బయల్దేరితే మధ్యాహ్నానికి ఇక్కడుండేదానివి. వారం రోజులు అతని పక్కన కూర్చునేదానివి. నీ పని పాడవుతుందని కాదమ్మా నేను ఆగింది. నువ్వు అంత సూటిగా అడిగితే నేను అబద్ధం రాశాను. అది బయటపడుతుందని సిగ్గుపడ్డాను. ఫోన్ చేతిలోకి తీసుకుని కూడా పెట్టేశాను. నా సిగ్గు కోసం అతని ఆఖరి కోరిక తొక్కేశాను. అతను మాత్రం తర్వాతి శనివారం ఎప్పటిలా వచ్చి, నన్ను నమ్మి మెడ చాచి పడుకున్నాడు.

బాబాయి కొట్టంలో నిప్పు ఆరిపోయింది. దాన్ని ఎవరూ మళ్లీ రాజెయ్యలేదు. దాటి వెళ్లేవాళ్లు అక్కడ అలవాటుగా నడక తగ్గించి, గుర్తొచ్చి వెళ్లిపోతున్నారు.

నన్ను క్షమించమని అడగను. కోపం తగ్గాక వద్దామని మాత్రం ఆగకు. కోపంతోనే రా.

ఇట్లు,
నీకు అబద్ధం రాసిన
నాన్న