రెండు కిలోల మాట

నా బంగారుతల్లికి నాన్న మనసారా దీవించి రాస్తున్నది. నేను బాగానే ఉన్నాను. మిగతా క్షేమం కిందికి వెళ్ళేకొద్దీ రాస్తాను. పేజీ తిప్పి చివర చూడకుండా వరసగా చదువుకో.

నీ ఉత్తరం నిన్న పొద్దున అందింది. చిన్నోడు రెండువేల పది గ్రాములయ్యాడని చదివి లేచి నిలబడ్డాను. కూర్చుని చదవాల్సిన కబురు కాదు కదమ్మా అది. యాభై ఏళ్ళు త్రాసులు బాగుచేశాను. బంగారం కొట్టు త్రాసుల దగ్గర్నుంచి గోడౌన్ల కాటాల దాకా నా చేతి మీదుగా పోయాయి. పది గ్రాములకు ఇంత బరువుంటుందని ఈ వయసులో తెలిసింది. ఏడో నెలకే తొందరపడి వచ్చిన వాడు, పదకొండు వందల గ్రాముల వాడు, వాడు దక్కుతాడని ఎవరనుకున్నారు. గాజుపెట్టెలోంచి తీసి నీ ఒళ్ళో పెట్టారని రాశావు చూడు, ఆ ఒక్క ముక్కా నాలుగుసార్లు చదువుకున్నాను. పక్కింటి ఇస్త్రీ ఆవిడకి చదివి వినిపించాను. మందుల షాపాయనకి చెప్పాను. ఆసుపత్రి గేటు దగ్గర కాపలా అతనికి కూడా చెప్పాను. ఆసుపత్రి ఏమిటంటావా, ఆ సంగతికే వస్తున్నాను.

అల్లుడికి దగ్గు తగ్గిందంటే ప్రాణం కుదుటపడింది. వేళకి తినమను, నువ్వూ తిను. నా మోకాలు నా మాట వినదు, నేను దాని మాట వినను, అలా నడిచిపోతోంది.

పెద్దది అమ్మ కోసం ఏడుస్తోందా, తమ్ముడి ముచ్చట చెబితే వింటోందా అని అడిగావు. ఇదివరకు మూడు ఉత్తరాల్లోనూ ఇదే అడిగావు. మూడుసార్లూ నేను, మన బొద్దు హాయిగా తిని ఆడుకుంటోందని రాశాను. అది నిజం కాదమ్మా. ఈ ఉత్తరం పిల్లల ఆసుపత్రి వరండాలో బెంచీ మీద కూర్చుని రాస్తున్నాను. బొద్దు లోపల మంచం మీద ఉంది. ఈ రోజుకి నాలుగో రోజు. చేతికి సెలైన్ పెట్టారు. ఇప్పటికి ప్రాణభయం లేదని డాక్టరమ్మ చెప్పింది.

దాన్ని నాకప్పగించి నువ్వు చిన్నోడి కోసం మీ ఊరి ఆసుపత్రికి వెళ్ళిన రెండో వారం, మరమ్మతుకొచ్చిన గోడౌన్ కాటా మీద దాన్ని సరదాగా నిలబెట్టాను. పదహారు కిలోల నాలుగువందలు. తమ్ముడు పెరిగినట్టే నువ్వూ పెరగాలని చెప్పి రోజూ ఎక్కించేవాణ్ణి. పది రోజులకి పదిహేను తొమ్మిదివందలు చూపించింది. పిల్ల పళ్ళెం రోజూ మెతుకు లేకుండా ఖాళీగా వస్తోంది. తింటున్న పిల్ల తగ్గడమేమిటి, కాటాలోనే తేడా ఉందనుకుని మర తిప్పి సరిచేశాను. మళ్ళీ తగ్గింది. మళ్ళీ తిప్పాను. అలా మూడుసార్లు. పదహారు నాలుగువందలకి తెచ్చి, ఇప్పుడు కాటా దారికొచ్చిందని నా భుజం నేనే తట్టుకున్నాను.

ఇస్త్రీ ఆవిడ ఒకరోజు అననే అంది, "అంకెలు చూస్తావు గానీ తాతా, పిల్ల జబ్బ ఎప్పుడైనా పట్టుకుని చూశావా? నా ఇస్త్రీపెట్టె పిడి ఇంతకంటే లావుంది."

"కాటా చెబుతోంది కదమ్మా" అన్నాను.

గోడౌన్ గుమాస్తా కాటా పట్టుకెళ్ళిన మూడో రోజే తిరిగి తెచ్చాడు. "పెద్దాయనా, మా యజమానికి నీ పని తెగ నచ్చింది. కొనేవాళ్ళకే నచ్చలేదు. బస్తాకి కిలోన్నర ఎక్కువ చూపిస్తోంది" అన్నాడు.

ఇరవై కిలోల తూకపురాయి ఎక్కించాను. ఇరవై ఒకటిన్నర. కొత్తగా పని నేర్చుకునే వాడు కూడా మొదట చేసేది అదే, రాయి పెట్టి చూడటం. నేను పెట్టలేదు. నీ పిల్లనే రాయి అనుకున్నాను.

వెనక్కి తిరిగేసరికి అది గడప మీద సొమ్మసిల్లి పడి ఉంది. ఇస్త్రీ ఆవిడే భుజాన వేసుకుని ఆసుపత్రికి పరిగెత్తింది. నేను కుంటుకుంటూ వెనకాల. దాని అన్నమంతా నేను నూనె తుడిచే పేలికల డబ్బాలో దొరికింది. అడుగున బూజు పట్టిపోయింది. ఆ వాసనకి ఎలుక చచ్చిందనుకుని డబ్బా మీద మూత బిగించిన వాణ్ణి కూడా నేనే.

అన్నం ఎందుకు పారేసిందో డాక్టరమ్మ ఎంత బుజ్జగించి అడిగినా బొద్దు చెప్పలేదు. మర్నాడు పొద్దున నన్ను దగ్గరికి వంగమంది.

"తాతా, నేనింకా ఎంత తగ్గాలి?"

"తగ్గడమెందుకు తల్లీ?"

"అమ్మ గదిలోకి వెళ్ళడానికి. రెండు కిలోల లోపు వాళ్ళనే రానిస్తారన్నావు కదా."

అన్నాను. నువ్వు వెళ్ళిన మొదటి వారం గుమ్మం దగ్గర కూర్చుని, "నన్నెప్పుడు తీసుకెళ్తావు" అని ఒకటే పోరు. ఏడుపు మాన్పించడానికి నవ్వుతూ అన్నాను, "అది రెండు కిలోల లోపు వాళ్ళ గదమ్మా, నువ్వు బొద్దువి, తలుపులో పట్టవు" అని. అది నవ్వలేదు. ఏడుపు మాత్రం ఆపేసింది. మందు పనిచేసిందని మురిసిపోయాను.

అదంతా ఉత్తుత్తిదేనని చెప్పాను. "అయితే అమ్మ నన్నెందుకు రమ్మనలేదు?" అంది.

మొన్న సాయంత్రం నాలుగు చెంచాల పాలు తాగింది. నాకు వార్డంతా పండగలా అనిపించింది. ఆ ఊపులో నిన్న నీ ఉత్తరం కూడా చదివి వినిపించాను, నా నోటికి బుద్ధి లేక. అంతా విని, "రెండు కిలోలైపోయాడా? అయితే వాణ్ణీ బయటికి పంపేస్తారు. పాపం, తాగొద్దని చెప్పు తాతా" అంది. అప్పట్నుంచి చెంచా దగ్గరికి తెస్తే పళ్ళు బిగించేస్తోంది.

ఎల్లుండి సాయంత్రం దాకా చూసి ముక్కులోంచి గొట్టం వేస్తామంటున్నారు. నేను ఒట్టు పెట్టినా అది నమ్మదు. అబద్ధం చెప్పిన నోరూ ఇదే కదా. చిన్నోణ్ణి ఒక్క రోజు వాళ్ళ నాన్నకీ నర్సమ్మలకీ అప్పగించి నువ్వు రావాలి. వాణ్ణి వదిలి రమ్మనడానికి నాకు నోరు రావడం లేదు, అందుకే రాస్తున్నాను. ఈ ఉత్తరం మీ ఊరు వెళ్ళే బస్సు డ్రైవరు చేతికిస్తున్నాను, రేపు పొద్దున్నే నీకు చేరుతుంది. అదే బస్సు మధ్యాహ్నం వెనక్కి తిరుగుతుంది.

మెట్లెక్కగానే ఎడమవైపు రెండో గది, కిటికీ పక్క మంచం. చూసి గుర్తుపట్టలేకపోతే మొహం మీద కనిపించనీకు. నేను బయట బెంచీ మీదే ఉంటాను. నన్ను ఎన్ని మాటలనాలన్నా తర్వాత అను. ముందు దాన్ని ఎత్తుకో.

ఇట్లు,
నీకు మూడు ఉత్తరాల్లోనూ నిజం కానిది రాసిన
నాన్న