ఆగమని రాయడం మరిచాను

నాందేడ్,
12-8-1987

పోశెట్టి మామకు దండాలు.

మీరు ధర్మాబాద్ తహసీల్ ఆఫీసులో ముప్పై ఏళ్లు గుమాస్తాగా చేశారు కాబట్టి నా చిక్కు మీకే రాస్తున్నాను.

మా కాలేజీ కంప్యూటర్‌లో ఒక ప్రోగ్రాం తనలాంటి మరో ప్రోగ్రాంను పుట్టించగలదు. దాన్ని పిల్ల అంటాం. తల్లి చేతిలోని పనంతా పిల్లకు నకలుగా వస్తుంది. పోయిన నెల నేను ‘పిల్లలను పుట్టిస్తూ ఉండు’ అని రాసి, పిల్లలు మాత్రం ఆ పని చేయకూడదని రాయడం మరిచాను. పిల్లలూ పిల్లలను పుట్టించాయి. నిమిషంలో మెషీన్ బిగుసుకుపోయింది. మా ప్యూన్ మారోతి “సార్, గిది మాటలతోని ఆగేటట్టు లేదు” అంటూ మెయిన్ స్విచ్ బంద్ చేశాడు.

ప్రిన్సిపాల్ సంజాయిషీ అడిగారు. ‘ఏ కాగితమైనా పైవాళ్లందరికీ నకలు పంపు, తప్పు నీ మీదికి రాదు’ అని మీరు చెప్పిన మాట ప్రకారం నలుగురికి పంపాను. నలుగురూ తలా ఒక ఫైలు తెరిచి, తలా ఒక సంజాయిషీ అడిగారు. వాటికి రాసిన జవాబులకూ అలాగే నలుగురికీ నకళ్లు పంపాను. ఇప్పటికి ఇరవై ఒక్క మెమోలు వచ్చాయి. నా నౌకరీ పర్మనెంటు ఆర్డరు ఆ ఫైళ్ల అడుగున ఉందట.

మారోతిని అడిగితే, “ఆఫీసుకు మెయిన్ స్విచ్ ఏడుంటది సార్? ఉంటే ఎన్నడో బంద్ చేద్దును” అన్నాడు.

ఏం చేయాలో మీరే చెప్పండి. సంగతి మన ఇద్దరి మధ్యనే ఉండనీయండి.

మీ మేనల్లుడు

నకలు: కిన్వట్‌లోని పెద్దబావకు, నిజామాబాద్‌లోని చిన్నమామకు, సమాచారం కోసం.