బుధగ్రహం మీద టైస్తా పడవ

లుండెవోగ్ రేవు,
మే 12

ఓస్లోలోని గ్రహాల పేర్ల సంఘం వారికి,

చేపల పడవ యజమాని ఐలర్ట్ నమస్కరించి రాసేది.

బుధగ్రహం మీద కొండచరియలకు ఓడల పేర్లు పెడతారని రేడియోలో విన్నాను. ఒకదానికి మా పడవ టైస్తా పేరు పెట్టండి. కాస్త తొందరగా పెట్టండి. జూన్ ఇరవైమూడున నడివేసవి పండుగ మంటలో దాన్ని తగలెయ్యాలని ఊరివాళ్లు తీర్మానించారు. ఏటా ఒక ముసలి పడవను కాల్చడం మా ఆచారం. ఇన్నేళ్లూ పక్కవాడి పడవ కాలుతుంటే కాఫీ తాగుతూ చూశాను. ఇప్పుడు నా వంతు వచ్చేసరికి కాలు ఒకచోట నిలవడం లేదు. ఆకాశంలో పేరున్న పడవకు నిప్పంటించే ధైర్యం ఎవడికుంటుంది?

ఇట్లు,
ఐలర్ట్

తా.క.: ఆ మంట వేసే సంఘానికి పెద్ద హాల్వ్‌దాన్. నా సొంత బావమరిది. ఇంతకన్నా ఏం చెప్పను!

ఓస్లో,
మే 20

ఐలర్ట్ గారికి,

మీ ఉత్తరం అందింది. ఆ చరియలకు అన్వేషణకు వెళ్లిన ఓడల పేర్లే పెడతారు. టైస్తా ఏం కనిపెట్టిందో తెలియజేయగలరు.

భవదీయురాలు,
తోరున్, గుమాస్తా

తా.క.: అక్కడి గుంటలకైతే పేరున్న కళాకారుల పేర్లు పెడతారు. మీరు బొమ్మలేమైనా వేస్తారా? వేసినా, పోయి మూడేళ్లు దాటి ఉండాలి.

లుండెవోగ్,
మే 25

అమ్మా తోరున్,

బొమ్మలు రావు. పోయే తీరికా లేదు.

టైస్తా కనిపెట్టకపోవడమేమిటి! 1974లో పొగమంచులో దారి తప్పి, ఏ పటంలోనూ లేని బండను కనిపెట్టింది. ఢీకొట్టి మరీ కనిపెట్టాం. మరుసటి ఏడు సర్కారువాళ్లు దాన్ని పటంలోకెక్కించారు. హాల్వ్‌దాన్ అప్పుడు పడవలోనే ఉన్నాడు. "అన్వేషణా పాడా! నీకు కళ్లు కనబడక కొట్టావు బావా" అంటాడు. "కళ్లు కనబడే నువ్వు ఒక్క బండనైనా కనిపెట్టావట్రా?" అన్నాను. అయినా కట్టెలు పేర్చడం మాత్రం ఆపలేదు.

నీ ఉత్తరం కోసం ఎదురుచూస్తూ,
ఐలర్ట్

తా.క.: ఆ చరియ దగ్గర రేవు లోతుగానే ఉంటుందా? టైస్తాకు నిలువెత్తు నీళ్లు చాలు.

ఓస్లో,
జూన్ 14

ఐలర్ట్ గారికి,

సముద్ర పటాలవాళ్లను వాకబు చేశాను. మీ బండ నిజమే. మా పెద్దలు మూడు గంటలు పోట్లాడుకున్నారు. చివరికి ఒకాయన "దారి తప్పకుండా ఎవడు మాత్రం ఏం కనిపెట్టాడయ్యా?" అనేసరికి మీ అర్జీ పైకి పంపడానికి ఒప్పుకున్నారు. జత చేసిన కాగితం మీద సంతకం పెట్టి పంపండి.

భవదీయురాలు,
తోరున్

తా.క.: రేవు లేదండీ. పడవ నిలిచే నీళ్లే లేవు, పీల్చడానికి గాలీ లేదు. పగలు నాలుగు వందల ముప్పై డిగ్రీల ఎండ. ఒక పొద్దు పొడిచాక మరో పొద్దుకు మన లెక్కన నూట డెబ్బయ్యారు రోజులు. గ్రహం లోపల చల్లారి ముడుచుకుంటుంటే, వాడిన బంగాళాదుంప తోలులా ముడతపడి లేచినవే ఆ చరియలు. అయినా వెళ్లేది పేరేగా, పడవ కాదుగా!

లుండెవోగ్,
జూన్ 22

అమ్మా తోరున్,

సంతకం పెట్టడం లేదు. కోప్పడకు తల్లీ.

రెండు రోజులు ఆ కాగితం ముందేసుకుని కూర్చున్నాను. చెక్క పడవను నెల రోజులు గట్టున పెడితేనే ఎండి పలకలు నోళ్లు తెరుస్తాయి. పేరే కదా అంటావు. ఆ పేరు పెట్టి నేను యాభై ఒక్క ఏళ్లు పిలిచాను. చుక్క తడి లేని చోట, పలకరించే దిక్కులేక, ఆర్నెల్లకో పొద్దు చూస్తూ అది ఒంటరిగా పడి ఉంటుందంటే నాకు మనసొప్పలేదు. దాని చేపలు తిన్నవాళ్ల మధ్య పోవడమే నయం. అగ్గిపుల్ల నేనే గీస్తానని హాల్వ్‌దాన్‌తో చెప్పాను. "సరే బావా" అని వాడు అటు తిరిగి ముక్కు చీదుకున్నాడు. రేపే మంట. ఏడుపొస్తోంది.

నీ మేలు మరవని,
ఐలర్ట్

తా.క. (జూన్ 24): హడావుడిలో ఉత్తరం జేబులోనే ఉండిపోయింది. టైస్తా అంటుకోలేదమ్మా! యాభై ఒక్క ఏళ్లు ఉప్పునీళ్లు తాగిన చెక్క. మూడు డబ్బాల కిరసనాయిలు పోశాం, ఊరంతా వంగి ఊదారు, పొగ తప్ప మంట లేదు. పంతం కొద్దీ హాల్వ్‌దాన్ తను కూర్చున్న కుర్చీ కూడా కింద ఎగదోశాడు. కుర్చీ కాలింది. ఇవాళ పొద్దున్నే నలుగురం పట్టి పడవను మళ్లీ నీళ్లలోకి తోశాం. ఆదివారం చేపలకు వెళ్తున్నాను.