ఖాళీ మగ్గం గుంట

చిన్నోడా,

మగ్గం అమ్మి నూలు కంపెనీలో వాటా కొన్నావు. కంపెనీవాడు పారిపోతే, వాణ్ణి వెతుకుతూ పట్నం పోయి రజాకార్ల తూటాకు బలయ్యావు. ఇప్పుడు కొత్త సర్కారు, బీదలకు అలాంటి వాటాలు అమ్మొద్దని చాటింపు వేయించింది. ఆ అడ్డు తీసేయమంటూ మన సాలెల వాడంతా అర్జీ రాసింది!

తెచ్చింది నీ మేనమామే. "లాభాలు దొరలకేనా అక్కా? మన పైసలు, మన ఇష్టం. ఏలిముద్ర ఎయ్యి" అన్నాడు.

ఒళ్లు మండింది. చెయ్యి పట్టి నీ మగ్గం గుంట దగ్గరికి లాక్కొచ్చాను. "పడుగు లేదు, పేక లేదు. నా కొడుకు జాగల కాళ్లు పెట్టి కూసో తమ్మీ. కూసున్నంక అడుగు" అన్నాను.

గుంటలో దిగలేదు. అర్జీ వదిలేసి పోయాడు.

ఆ కాగితం వెనకవైపే, నువ్వు నేర్పిన అక్షరాలతో ఇది రాస్తున్నాను. జొన్న గటక వండాను. ఎక్కడున్నా కడుపునిండా తిను, బిడ్డా.